ఇక్కడ గాడిదలకుంట లేదు

(1998 అక్టోబరు, ఆదివారం పొద్దున. మాదాపూర్ దాటి, కొత్తగా కడుతున్న గుండ్రటి హైటెక్ మేడ నుంచి మూడు కిలోమీటర్లు లోపలికి వస్తే మా ఇల్లు. ముందుగదిలో మాట్లాడేవాళ్లు: కాలనీ సెక్రటరీనైన నేను, బుల్లిబాబుని, మా ఆవిడ బాలాత్రిపురసుందరి, కాసేపటికి వచ్చే పక్కింటి విశ్వేశ్వరరావు మాస్టారు. ఆయన రిటైరైన బోటనీ లెక్చరర్.)

“ట్యాంకరొచ్చింది, వెళ్లిపోయింది కూడా. మీరింకా మొదటి పేజీలోనే ఉన్నారు.”

“హారన్ వినపళ్లేదు సుందరీ.”

“హారనెందుకండీ? వాడు నోటితోనే అరిచాడుగా. ‘గాడిదలకుంటోళ్లు! బిందెలు తెచ్చుకోండ్రి!’ అని. మూడుసార్లు.”

“అది విన్నాను.”

“విని?”

“మనల్ని కాదనుకున్నాను.”

“మరెవర్ననుకున్నారు?”

“అనుకోదల్చుకోలేదు. అయినా నువ్వు వెళ్లొచ్చుగా?”

“ఆ పిలుపుకి పలికితే ఒప్పుకున్నట్టే కదండీ! పద్నాలుగో నంబరింటి కొత్త కోడలు తలుపు సందులోంచి చూసి మళ్లీ గడియ పెట్టుకుంది. ముప్ఫై రెండిళ్లకీ కలిపి నలుగురే వెళ్లారు బిందెలు పట్టుకుని.”

“ఆ నలుగురికీ సిగ్గు లేదు.”

“ఆ నలుగురికీ నీళ్లున్నాయి.”

“సెక్రటరీగారూ! ఉన్నారా?”

“రండి రండి మాస్టారూ. సుందరీ, మాస్టారికి కాఫీ—”

“నీళ్లు లేవు.”

“తాగే వచ్చానమ్మా.”

“అయితే కూర్చోండి మాస్టారూ. అయ్యో, గొడుగు ఆ స్టూలు మీద పెట్టకండి! అది ఫోనుది.”

“ఫోనెక్కడుందమ్మా?”

“వస్తుందండి. అప్లికేషన్ పెట్టి ఆరేళ్లయింది.”

“మరి ఆ అల్లిక గుడ్డ కింద ఉబ్బెత్తుగా...”

“మట్టి చిలక. గుడ్డకి ఆకారం నిలబడాలని పెట్టాను. ఫోను కవరండి అది. తొంభై రెండులో అల్లాను, అప్లికేషన్ పెట్టిన వారంలోనే.”

“తాళం కూడా ఉందే?”

“డయలుకి. ఫోనొచ్చిందంటే చుట్టుపక్కల వాళ్లంతా ‘ఒక్క కాలండీ’ అంటూ దిగుతారు కదా. మిమ్మల్నని కాదు మాస్టారూ.”

“నన్నని ఎందుకంటారమ్మా.”

“మీకు తెలీదు నా బాధ. ప్రతి ఆదివారం రామన్న ఎస్టీడీ బూతుకెళ్లి తునిలో ఉన్న మా అమ్మతో మాట్లాడతానా, ఆ బూతుకి తలుపుంది గానీ తలుపుకి అద్దం లేదు. నా వెనకాల ఏడుగురు లైన్లో ఉంటారు. మా అమ్మ మోకాళ్ల సంగతి ఈ ఊరంతటికీ తెలుసు. పోయిన వారం నేను ఫోను పెట్టేశాక రామన్న ఏమన్నాడో తెలుసా? ‘అమ్మా, ఆముదం రాయమనుండ్రి’ అన్నాడు. మా వదిన గురించి అమ్మకి చెప్పాల్సిన మాట ఒకటుంది. ఆరేళ్లుగా గొంతులోనే ఉంది.”

“నాకు చెప్పొచ్చుగా?”

“మీరు మీటింగులో చెప్పేస్తారు.”

“సరే సరే. మాస్టారూ, అసలు సంగతికొద్దాం. కాలనీకి కొత్త పేరు.”

“మీరడిగినట్టే లాటిన్ పేర్ల జాబితా తెచ్చానండి.”

“బతికించారు. నా అవస్థ వినండి. ఆఫీసులో ఎవరైనా ఇల్లెక్కడంటే ‘మాదాపూర్ దాటాక’ అని ఊరుకుంటున్నాను ఆరేళ్లుగా. మొన్న మా ఆఫీసరు ‘దాటాక ఏంటయ్యా?’ అన్నాడు. ‘దాటాక చాలా దూరం సార్’ అన్నాను.”

“గాడిదలకుంట అంటే ఏమైందండీ?”

“అంటే, రేపట్నుంచి నన్ను గాడిదలకుంట బుల్లిబాబంటారు. ఎల్లుండి మధ్యలో కుంట తీసేస్తారు.”

“అది నిజమే లెండి. ఊరి పేరుతో వచ్చిన చిక్కే అది. ఊరు ఊరుకోదు, మనిషికి అంటుకుంటుంది. మరి లాటినే ఎందుకన్నారు?”

“ఇంగ్లీషు పేర్లన్నీ కొండాపూర్ వాళ్లు పట్టుకుపోయారండి. గ్రీన్ వ్యాలీ అట. అక్కడ రాళ్లు తప్ప ఏమీ లేవు. సంస్కృతం పేర్లు అపార్ట్‌మెంట్ల వాళ్లు పంచుకున్నారు. మిగిలింది లాటినొక్కటే. ఇంకో నెలలో హైటెక్ సిటీ తెరుస్తున్నారు. దాని పక్కన మనం గాడిదలతో నిలబడతామా?”

“అయితే ఒక్క మాట. లాటిన్ ఊరి పేరు పెట్టేటప్పుడు ఊరు చూడకూడదు. ఆ ఊళ్లోంచి ఏ మాట పుట్టిందో చూడాలి. ఊరు పాడుబడుతుంది, మాట బతికుంటుంది. మొక్కల పేర్లతో నలభై ఏళ్లు తిరిగి నేను తెలుసుకున్నది అదే.”

“ఆహా. చదవండి.”

“టారెంటమ్. ఇటలీలో రేవు పట్నం.”

“బరువుగా ఉంది. బావుంది. ఏం పుట్టింది అందులోంచి?”

“టరాంటులా.”

“డాన్సా?”

“డాన్సు కూడా ఉందిలెండి. ముందు పుట్టింది సాలీడు. బొచ్చుది.”

“వద్దండి మాస్టారూ, మా బాత్రూంలో ఒకటుంది. దానికి ఊరు కూడా ఎందుకు?”

“సరేనమ్మా, కొట్టేశాను. లకోనియా. అక్కడి వాళ్లు మహా పొదుపుగా మాట్లాడేవారట. అందుకే ఇంగ్లీషులో క్లుప్తంగా మాట్లాడ్డాన్ని ‘లకోనిక్’ అంటారు.”

“ఇది మా ఆయనకి చెప్పకండి. పోయిన మీటింగు నాలుగ్గంటలు. చెత్తకుండీ ఎక్కడ పెట్టాలా అని.”

“తేలింది కదా సుందరీ!”

“తేల్లేదు. కుండీ మన గేటు దగ్గరే ఉంది.”

“తర్వాతది చెప్పండి మాస్టారూ.”

“సోలి. చిన్న పేరు, పలకడానికి సుఖం. అయితే అక్కడివాళ్లు గ్రీకు తప్పులతో మాట్లాడేవారని ఏథెన్సు వాళ్లు వెక్కిరించారు. అందులోంచి వచ్చిన మాటే సొలెసిజం. తప్పుల భాష.”

“పక్క ఊరివాళ్లు ఎక్కడైనా ఒకటేనండి. ఇక్కడా మనం మాట్లాడితే రామన్న నవ్వుతాడు, రామన్న మాట్లాడితే మనం నవ్వుతాం. వద్దు.”

“మెగ్నీషియా. ఇది గట్టి పేరు. అయస్కాంతానికి మాగ్నెట్ అనే పేరు ఈ ఊరి నుంచే.”

“ఇది, ఇది! అందర్నీ లాగుతుందన్నమాట. రాసేయండి.”

“ఆగండాగండి. మాస్టారూ, మెగ్నీషియా అంటే ఆ నీలం సీసా కాదూ? తెల్లగా, సున్నం నీళ్లలా? మా మావగారు రోజూ పడుకోబోయే ముందు, పొద్దున విరేచనం సాఫీగా అవడానికి రెండు చెంచాలు...”

“అదీ ఈ ఊరేనమ్మా.”

“అయితే ఆలోచించుకోండి. ‘ఎక్కడుంటున్నారు?’ ‘మెగ్నీషియాలో.’ ‘అయ్యో, ఎన్నాళ్లనుంచండీ?’”

“కొట్టేయండి మాస్టారూ.”

“కొట్టేశాను. అస్కలోన్. సముద్రపొడ్డు. ఇక్కణ్నుంచి పుట్టింది షాలట్, అంటే ఒక రకం చిన్నుల్లిపాయ. బోటనీలో ఎల్లియమ్ అస్కలోనికమ్ అని...”

“ఉల్లిపాయా!”

“నువ్వెందుకు సుందరీ అలా ఉలిక్కిపడతావు?”

“కిలో నలభై అయిందండీ. ఇదే పెట్టండి. ఇంతకంటే ఖరీదైన పేరు ఇంకేం దొరుకుతుంది? మా తోటికోడలు కుళ్లి చస్తుంది.”

“రేపు ధర పడిపోతే? కాలనీ పేరు రోజూ కూరల మార్కెట్లో ధర చూసి మార్చుకోలేం కదా.”

“అదీ నిజమే.”

“పలాటియమ్ ఉంది. రోములో ఒక కొండ. రాజులు దానిమీద ఇళ్లు కట్టారు. ఆ కొండ పేరే ప్యాలెస్ అయింది.”

“కొండ! మనకీ గుట్ట ఉంది!”

“వద్దండీ. ప్యాలెస్ అంటే హైదరాబాదులో ఫంక్షన్ హాలు. ముహూర్తాల రోజుల్లో జనం సరాసరి చేతులు కడుక్కుని వచ్చేస్తారు.”

“కడుక్కోడానికి నీళ్లేవీ?”

“జెనువా ఉందండి. జీన్స్ ప్యాంటు అనే మాట ఆ ఊరిదే.”

“ఆయన నడుముకి పట్టదు మాస్టారూ. తర్వాతది.”

“ఇంకొకటే మిగిలింది. కొలోనియా.”

“అదేం ఊరు?”

“జర్మనీలో. రోములో ఉండేవాళ్లు వెళ్లి కాపురాలు పెట్టిన చోటు. ఇప్పుడు కొలోన్ అంటారు. అక్కడ తయారైన సెంటుకే ఓడికొలోన్ అని పేరు.”

“మా అమ్మ వాడేది! జ్వరమొస్తే గుడ్డ తడిపి నుదుటి మీద వేసేది. ఆ వాసన... మాస్టారూ, జ్వరమే హాయిగా ఉండేది.”

“అంటే వాసనొచ్చే ఊరు. మంచి వాసన.”

“అవునండి. అయితే చిన్న సంగతి. కాలనీ అన్న మాటకి మూలం కూడా ఆ లాటిన్ మాటే. అంచేత కొలోనియా కాలనీ అంటే, జాగ్రత్తగా చూస్తే, కాలనీ కాలనీ అని...”

“జాగ్రత్తగా ఎవరు చూస్తారు మాస్టారూ? మన వాళ్లు మీటింగు నోటీసే చూడరు. ఖాయం. సుందరీ, తీర్మానాల పుస్తకం!”

“ఫోను స్టూలు కింద ఉంది. చిలక పడిపోకుండా తియ్యండి.”

“రాస్తున్నాను. ఒకటి. నేటి నుండి మన నివాస ప్రాంతము కొలోనియా కాలనీగా వ్యవహరింపబడును. రెండు. పాత పేరు పలికిన సభ్యులు తదుపరి సమావేశమునకు ముప్ఫై రెండు ఇండ్లకు మిర్చి బజ్జీలు పెట్టవలెను.”

“మూడు రాయండి. బయటివాళ్లు ఎవరైనా వచ్చి పాత పేరడిగితే ‘ఇక్కడ లేదు’ అని చెప్పాలి. ఎవరైనా సరే. నాలుగుసార్లు లేదంటే అదే పోతుంది.”

“అద్భుతం సుందరీ! మూడు. ఇక్కడ లేదు అని చెప్పవలెను.”

“సెక్రటరీగారూ, చిన్న అనుమానం. మీ ఫోను అప్లికేషన్‌లో ఏ పేరుంది?”

“అది ఆరేళ్ల నాటి మాటండి, ఇప్పుడెందుకు? ఆర్చి మీద బంగారు రంగా, వెండి రంగా? మీరేమంటారు?”

(నవంబరు నెల. మర్నాడు పది గంటలకి ఆర్చి ప్రారంభం. పొద్దున ఎనిమిదిన్నరకి నేను ఆర్చి కింద నిలబడి పని చూసుకుంటున్నాను. బోర్డు మీద మా ఇంటి దుప్పటి కప్పి ఉంది. సైకిలు మీద ఒకతను వచ్చాడు.)

“సార్, జర గాడిదలకుంట ఏడొస్తది?”

“ఏం కుంట?”

“గాడిదలకుంట సార్.”

“నేనెప్పుడూ వినలేదే.”

“మీరీడనే ఉంటరా?”

“ఆరేళ్లనుంచి.”

“మరి గాడ కుంట కనవడుతున్నది గద సార్. గాడిదలు గూడ ఉన్నయి. నీళ్లు తాగుతున్నయి.”

“అవి వాటి మానాన అవి తాగుతున్నాయి. మాకూ వాటికీ సంబంధం లేదు.”

“గా ఆర్చికి దుప్పటెందుకు గప్పిన్రు? చలికా?”

“రేపు ఆవిష్కరణ. మండలాఫీసు అధికారి వస్తున్నారు. ఇది కొలోనియా కాలనీ.”

“కాలనీ కాలనీనా సార్?”

“జాగ్రత్తగా చూడకు. అది లాటిను.”

“లాటినంటే ఎటు దిక్కు, లింగంపల్లి అవుతలనా?”

“ఇంకా అవతల.”

“ఇందాక ఎన్క గల్లీల ఒకమ్మ గూడ గిదే మాటన్నది సార్. గేటన్న తియ్యలె. ‘మాది కొలోనియా, ఇక్కడ గాడిదలుండవు’ అని లోపలికెంచే అన్నది.”

“చూశావా! అదీ మా కాలనీ క్రమశిక్షణ. ఎవరో గానీ ఆవిడకి శాలువా కప్పాలి.”

“గని సార్, నా కాయితం మీద గిదే పేరున్నది. ఆరేండ్ల కిందిది—”

“ఆ సంచిలో ఏంటవి, వైర్లా? కేబుల్ వాడివా?”

“కేబులే గని, టీవీది గాదు సార్, మాది—”

“మాకుంది బాబూ. నలభై చానళ్లు. ఒక్కటీ సరిగా రాదు. ఇంకోటి వద్దు.”

“అయ్యో, మనిషి పేరన్న సూడుండ్రి సార్. మీకెరికుండొచ్చు.”

“చూస్తే ఎరికే అని చెప్పాల్సొస్తుంది. నేను చూడను. నువ్వు ఆ గుట్ట దిగి నల్లగండ్ల వైపెళ్లి అడుగు. అక్కడ ఏ పేరైనా దొరుకుతుంది.”

“నల్లగండ్లనా! సైకిల్ మీదనా?”

“పొద్దున్నే వ్యాయామం మంచిది.”

“సరే సార్. టోపి మంచిగున్నది. పచ్చ టోపి మీద ఎర్ర ఉండ.”

“మా ఆవిడ అల్లింది. హైదరాబాదులో ఇంకోటి లేదు.”

(అదే రోజు సాయంత్రం ఆరింటికి మళ్లీ మా ముందుగది. మొదట నేనూ మా ఆవిడా. తర్వాత రామన్న. కుంట అవతల పాత ఊరు ఆయనది. మాకు పాలు పోసేదీ, ఎస్టీడీ బూతు నడిపేదీ ఆయనే.)

“ఏంటండీ ఆ ప్యాకెట్?”

“శాలువా. రేపు ఒకావిడకి సన్మానం.”

“ఎవరికి?”

“ఎవరో తెలీదు. మైకులో అడుగుతాను. మన కాలనీ ఆవిడే. పాత పేరడుగుతూ వచ్చినవాణ్ని గేటు కూడా తియ్యకుండా పంపించేసిందట.”

“ఎవరు చెప్పారు మీకు?”

“ఎవరో. అలా... తెలిసింది.”

“ఎలా తెలుస్తుంది అలా?”

“సెక్రటరీని కదా, తెలుస్తుంటాయి. ఏం, అలా చూస్తావేం?”

“ఏం లేదు. శాలువా ఏం రంగు?”

“మెరూన్.”

“వెనక్కిచ్చేయండి.”

“ఎందుకు?”

“ఆవిడకి నప్పకపోవచ్చు.”

“అమ్మా, పాలు!”

“రామన్నా! నువ్వా? రా... లేకపోతే వద్దులే, గిన్నె అక్కడ పెట్టి వెళ్లు. ఆలస్యమైంది నీకు.”

“ఆలస్యమేం లేదమ్మా. సార్‌తోని మాట్లాడేదున్నది. సార్, మీ ఫోనొచ్చింది.”

“ఏంటీ!”

“వచ్చి పోయింది.”

“సరిగ్గా చెప్పు రామన్నా!”

“టెలిఫోనాయన సైకిల్ మీదొచ్చిండు పొద్దుగాల. గాడిదలకుంట అడుక్కుంట తిరిగిండట. ఇక్కడ లేదని చెప్పిన్రట. నల్లగండ్లదాంక పొయ్యొచ్చిండు పాపం. పగటీలి మా బూతు కాడ కూసొని రెండు సోడాలు తాగిండు. కాయితం తీసి సూపిస్తె మీ పేరే సార్. బుల్లిబాబు, గాడిదలకుంట.”

“సుందరీ, కుర్చీ.”

“కూర్చునే ఉన్నారు.”

“అవునవును. మరి నువ్వు చెప్పొచ్చుగా రామన్నా, ఇల్లు చూపించొచ్చుగా!”

“చెప్పిన సార్. రా నేను సూపిస్తనన్న. ఆయనకు గుస్సొచ్చింది. ‘వద్దన్నా, నా మొఖం మీదనే లేదన్నరు. రేపు ఆఖరుసారి పది గంటలకు ఆర్చి కిందికొస్త. కాలనోళ్లే ఎవరన్న ఒకరు ఇదే గాడిదలకుంట అని నోటితోని చెప్పాలె. చెప్తె వైరు గుంజుత. లేకుంటె అసోంటి జాగనే లేదని రాసి కాయితం వాపస్ ఇస్త’ అన్నడు.”

“వాపసిస్తే?”

“మల్ల కొత్తగ దరఖాస్తు పెట్టాలె. లైన్ల ఆఖరుకు.”

“ఇంకో ఆరేళ్లా! నాకొద్దు రామన్నా, ఆ కవరు రంగు వెలిసిపోయింది, ఇంకోటి అల్లే ఓపిక నాకు లేదు. అమ్మకి డెబ్బై నాలుగు. ఎప్పుడు చెప్పను ఆవిడకి? ఆ అద్దం లేని తలుపు దగ్గర్నించే చెప్పనా?”

“సుందరీ, ఊరుకో.”

“ఎవడండీ ఆ లేదన్న మనిషి? ఎవడు?”

“పోనీలే, తెలియక అనుంటాడు పాపం.”

“తెలియకా! వచ్చినవాణ్ని ఎందుకొచ్చావు బాబూ అని ఒక్క ముక్క అడగక్కర్లేదా? ఎవరు రామన్నా?”

“ఎవలో... టోపి వెట్టుకున్న సారట.”

“టోపీలు అందరికీ ఉంటాయి సుందరీ. నవంబరు కదా.”

“ఏం రంగు టోపీ?”

“రంగు చెప్పలేదమ్మా.”

“చెప్పే ఉంటాడు.”

“చెప్పిండేమో. సోడా కొట్టిన సప్పుడుల ఇనవడలె.”

“దొరకనీ. ఆ డయలు తాళం తీసుకెళ్లి ఆ నోటికే వేస్తాను. నేనైతే పొద్దున్న ఇంట్లోనే లేను. ఉన్నాను గానీ పెరట్లో ఉన్నాను. పెరట్లో కూడా కాదు, పూజ చేసుకుంటున్నాను.”

“నిన్నెవరడిగారు సుందరీ?”

“ముందే చెప్తున్నాను.”

“రామన్నా, ఆ సైకిలాయన్ని రేపు పదకొండున్నరకి రమ్మనకూడదూ? సభ అయిపోతుంది. నేనే పక్కకి తీసుకెళ్లి చెవిలో చెప్తాను.”

“చెవుల చెప్తె వట్టదంట సార్. ఆర్చి కింద నిలవడి గట్టిగ అనాలె.”

“పది గంటలకి ముప్ఫై రెండిళ్లవాళ్లూ అక్కడే ఉంటారయ్యా! అధికారి రిబ్బను పట్టుకుని ఉంటాడు! మైకుంటుంది!”

“మంచిదే గద. మైకుల ఐతె సాఫ్‌గ ఇనవడ్తది.”

“నవ్వకు రామన్నా. నీకు మా బాధ తెలీదు.”

“నవ్వుతలేను సార్. జర నాకూ ఒకటి చెప్పుండ్రి. గాడిదలకుంటంటె మీకంత గలీజేంది?”

“గలీజని కాదు...”

“మా తాతకు నలభై గాడిదలుండె. గుట్ట మీద పలుగగొట్టిన రాళ్లన్ని అవే మోసినయి. మా నాయినకు పదిహేను మిగిలె. మీ ఇంటి పునాదిరాళ్లు ఎట్లొచ్చినయనుకున్నరు? లారీ దిగవడ్తదని అప్పుడు గాడిదల మీదనే తెప్పిచ్చిన్రు మీరు. నేనే తోలుకొచ్చిన.”

“అది... అప్పుడు రోడ్డు లేదు.”

“లేకుండె. మీ మాస్టరుసాబ్ మొన్న బూతు కాడ చెప్పిండు, ఊర్లకెంచి మాటలు పుడ్తయట గద, సెంటు గూడ ఊరి పేరేనంట. మంచిగనిపిచ్చింది. మా దిక్కు ఉల్టా. గాడిదలు ముందుగాలొచ్చినయి, ఊరు ఆటెన్కొచ్చింది, మీరు అన్నిటికెన్కొచ్చిన్రు.”

“రామన్నా, కాఫీ తాగుతావా?”

“వద్దమ్మా. ఇంక నాలుగిండ్లు పొయ్యాలె.”

“ఏవండీ, రామన్నని గేటు దాకా సాగనంపి రండి. కాదు, మీరుండండి, నేనెళ్తాను.”

“నువ్వుండు, నేనెళ్తాను.”

“నేనెళ్తానన్నానా!”

“ఇద్దరెందుకు సుందరీ, గేటు ఒకటే కదా. నేను వెళ్తాను.”

(గేటు దగ్గర. రామన్నా, నేనూ.)

“రామన్నా...”

“సార్, టోపి జేబుల లోపటికి దోపుకోండ్రి. ఉండ బయటికి కనవడుతున్నది.”

“నీకు తెలుసా?”

“పచ్చ టోపి, ఎర్ర ఉండ. ఈ దిక్కు ఇంకెవలకున్నది సార్?”

“ఆవిడకి చెప్పకు. నీకు దణ్ణం పెడతాను. ఆరేళ్లుగా ఆ చిలకని దులుపుతోంది.”

“ఫికర్ చెయ్యకుండ్రి. నా నోట్లెకెంచి రాదు.”

“ఇంకో లీటరు పాలు పొయ్యి రోజూ. నెలంతా.”

“పాలకేముంది సార్. గని మీరు నాకొక మాటియ్యాలె.”

“అడుగు.”

“నేను గిప్పుడు చెప్పేది అమ్మకు తెల్వద్దు. ఒట్టేసిన, తప్పుతున్న. గని రేపు మీరు మైకుల అడుగుతరని భయమైతున్నది.”

“ఏం అడుగుతాను?”

“గా శాలువా సార్. గేటు తియ్యకుండ ‘ఇక్కడ గాడిదలుండవు’ అన్న అమ్మ ఎవలనుకున్నరు? ఫోనాయన వచ్చిండని ఎవలో చెప్తె పగటీలి ఉరుక్కుంటొచ్చింది బూతుకు. టెలిఫోనాయన ఆడనే కూసున్నడు. అన్ని ఇన్నది. గా మాటన్నది తనేనని మీకు చెప్పొద్దని నా నెత్తి మీద చెయ్యి వెట్టి ఒట్టేయించుకున్నది.”

(రామన్న వెళ్లిపోయాడు. నేను గేటు దగ్గరే నిలబడి ఇది రాస్తున్నాను. లోపల మా ఆవిడ చిలకని పక్కన పెట్టి కవరు ఉతుకుతోంది. పాఠకులకి నా మనవి. ఆవిడ సంగతి నాకు తెలుసని ఆవిడకి తెలియదు. నా సంగతి ఆవిడకి తెలుసో లేదో నాకు తెలియదు. టోపీ అల్లిన మనిషి, పైగా బూతులో అన్నీ విన్న మనిషి. రేపు పది గంటలకి సైకిలతను ఆర్చి కింద నిలబడి అడుగుతాడు. ఒక పక్క నేనుంటాను, ఇంకో పక్క ఆవిడ ఉంటుంది, మధ్యలో మైకు ఉంటుంది. మాలో ఎవరు ముందు నోరు తెరవాలి? ఇద్దరం ఒకేసారి తెరిస్తే బజ్జీలు ఒక విడత పెట్టాలా, రెండు విడతలా? ఆ శాలువా ఏం చెయ్యాలి? దయచేసి వెంటనే ఒక సలహా రాయండి. కవరు మీద ఊరి పేరు ఏమని రాస్తే మీ ఉత్తరం మాకు చేరుతుందో, అది కూడా మీరే కాస్త చెప్పండి.)